చెప్పకుండా రండి: గ్రాంటు, తనిఖీ, మనం (భాగం 9)

పోయిన భాగంలో హాస్టళ్ళ గురించి రాశాక, ఎమ్మే చదువుతున్న ఒక తమ్ముడు ఈ ప్రశ్న అడిగాడు. "ఎన్జీవోల మీద ప్రభుత్వం తనిఖీలు బిగిస్తోంది కదా, ఇది మంచిదా చెడ్డదా? మనవాళ్ళలో సగం మంది నిర్బంధం అంటున్నారు, సగం మంది ఆ దొంగలకు అదే మందు అంటున్నారు."

రెండు మాటల్లోనూ నిజముంది. వాడ పేరు చెప్పి ఫండ్స్ తెచ్చుకుని టౌన్లో మేడలు కట్టినవాళ్ళను మనం చూశాం. వాడ కోసం నిలబడినందుకే లైసెన్సు పోగొట్టుకున్న సంస్థలనూ చూశాం. కాబట్టి తనిఖీ ఉండాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎవరు చూస్తున్నారు? ఏం చూస్తున్నారు? ఎవరిని అడుగుతున్నారు? ఈ మూడు ప్రశ్నలకు నూట డెబ్భై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మనవాళ్ళు చెప్పిన మాట ఒకటుంది. దాన్ని ఎన్జీవో వాళ్ళూ ఎత్తరు, సర్కారు వాళ్ళూ ఎత్తరు.

ఈ దేశంలో గ్రాంటు అనే పద్ధతికి పునాది 1854 నాటి వుడ్ డిస్పాచ్. కంపెనీ సర్కారు అన్ని బడులూ తానే నడపలేదు కాబట్టి, నడిపేవాళ్ళకు డబ్బు సాయం చేస్తుంది. మిషనరీలు కావచ్చు, ఊరి పెద్దలు కావచ్చు. అయితే షరతులున్నాయి. బడికి బాధ్యత వహించే యాజమాన్యం ఉండాలి. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ తనిఖీకి ఒప్పుకోవాలి. పిల్లల దగ్గర ఎంతో కొంత ఫీజు వసూలు చేయాలి.

ఆ మూడో షరతు దగ్గర ఆగండి. ఎంత చిన్నదైనా సరే, ఫీజు మాత్రం ఉండాలట. ఊరికే ఇస్తే చదువు విలువ తెలియదని దొరల సిద్ధాంతం. పాలేరు పిల్లాడి దగ్గర ఆ ‘ఎంతో కొంత’ ఎక్కడుంటుంది? అంటే గ్రాంటు నిబంధనను తు.చ. తప్పకుండా పాటించిన బడి, ఆ పాటించడం వల్లనే మన పిల్లల్ని బయట నిలబెట్టగలదు. ఇన్‌స్పెక్టర్ వస్తాడు, షరతు నెరవేరిందా అని చూస్తాడు, నెరవేరింది అని రాసుకుని పోతాడు. నిబంధన పాటించడం వేరు, న్యాయం జరగడం వేరు. ఇది మొదటి రోజు నుంచీ ఉన్న సంగతే.

మన మద్రాసు రాజధానిలో దీనికి ఇంకో మెలిక తోడయ్యింది. 1860ల నుంచి ‘ఫలితాలను బట్టి గ్రాంటు’ పద్ధతి నడిచింది. ఇంగ్లండులో 1862లో తెచ్చిన కోడ్‌కు ఇది తమ్ముడు. ఇన్‌స్పెక్టర్ వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాడు, ఎంతమంది పాసైతే బడికి అంత డబ్బు. పంతులుకు ఇన్‌స్పెక్టరే దేవుడు. పాసయ్యే పిల్లవాడు ఆస్తి, పాసవ్వని పిల్లవాడు బరువు. కోతలప్పుడు, నాట్లప్పుడు బడి మానేసేవాళ్ళు ఎవరి పిల్లలో మీకు చెప్పక్కర్లేదు. సర్కారుకు కూడా ఇది తెలిసింది. చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమన్‌హీర్ అక్కడి పరయల బతుకుల మీద రాసిన నివేదిక దుమారం లేపిన మరుసటి ఏడు, 1893లో, పంచముల చదువు కోసం ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది. పంచమ పిల్లలకు మామూలు రేటు కంటే ఎక్కువ గ్రాంటు అన్నారు. రేటు పెరిగింది గానీ కొలబద్ద మారలేదు. ఇన్‌స్పెక్టర్ అప్పుడూ పిల్లవాణ్ణి పాఠమే అప్పజెప్పమన్నాడు. "నిన్నెక్కడ కూర్చోబెడుతున్నారు?" అన్న ప్రశ్న ఆయన ఫారంలో లేదు.

ఇక్కడికి ఫూలే వస్తాడు.

1882లో హంటర్ కమిషన్ ముందు మహాత్మా జోతిరావు ఫూలే ఇచ్చిన వాంగ్మూలం మనలో చాలామందికి పేరుగా తెలుసు. నిర్బంధ ప్రాథమిక విద్య అడిగాడనీ, రైతుల పన్నుతో పై కులాల పిల్లలు కాలేజీ చదువుతున్నారని నిలదీశాడనీ చెప్పుకుంటాం. అందులో తనిఖీ గురించి ఒక చిన్న ముక్క ఉంది. మా విద్యార్థులకు నేను ప్రత్యేకంగా చూపించేది అదే. డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఏడాదికోసారి వచ్చి పోతే ఒరిగేదేమీ లేదంటాడు ఫూలే. కనీసం మూడు నెలలకోసారి రావాలంటాడు. ముందుగా కబురు పెట్టకుండా కూడా రావాలంటాడు. ఊరి అధికారుల మీద, జిల్లా అధికారుల మీద ఈ పని వదిలేస్తే నమ్మకం లేదనీ అంటాడు.

ఆ మాట అన్నవాడు ఎవరో గుర్తుంచుకోండి. బ్రిటిష్ అధికారి కాదు. స్వయంగా బడులు పెట్టినవాడు, ఆడపిల్లలకూ, మహర్, మాంగ్ పిల్లలకూ అక్షరాలు నేర్పినవాడు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే ఆయనే ఒక ‘సర్వీస్ ప్రొవైడర్’. తనిఖీ చేయబడే వైపున నిలబడ్డ మనిషే, చెప్పకుండా రండి అంటున్నాడు. దాచుకోవడానికి ఏమీ లేనివాడి మాట అది. తనిఖీ అంటే అణచివేత అని ఏ సంస్థ నాయకుడైనా గుండెలు బాదుకుంటే నాకు ముందు ఫూలే గుర్తొస్తాడు.

ఆ తర్వాత నలభై ఏళ్ళకు బొంబాయి రాజధానిలో ఇదే కథ ఇంకో మలుపు తిరిగింది. ఈ భాగంలో నేను ఎక్కువసేపు నిలవాలనుకున్నది అక్కడే.

1923 ఆగస్టులో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే ఒక తీర్మానం పెట్టి నెగ్గించాడు. ప్రజాధనంతో కట్టిన, ప్రజాధనంతో నడిచే చెరువులు, బావులు, ధర్మశాలలు, బడులు, కోర్టులు, ఆస్పత్రులు అంటరానివాళ్ళకూ తెరిచి ఉండాలని. ప్రభుత్వం తన శాఖలకు ఆదేశాలు పంపింది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ కూడా తన చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానం చేసింది. ఫైలు చూస్తే అంతా సక్రమం. తీర్మానం ఉంది, తేదీ ఉంది. ఇవాళ ఏ అధికారైనా ఆ ఫైలు తెరిస్తే ‘నిబంధన అమలైంది’ అనే కాలమ్‌లో టిక్కు పెట్టేస్తాడు.

నీళ్ళు మాత్రం మనవాడి దోసిట్లోకి రాలేదు.

అది చూసే బోలే 1926లో మళ్ళీ లేచాడు. మొదటి తీర్మానాన్ని అమలు చేయని మునిసిపాలిటీలకూ, లోకల్ బోర్డులకూ ప్రభుత్వ గ్రాంట్లు ఆపేయాలన్నాడు. గ్రాంటును కులం మీద కొరడాగా వాడమన్న తొలి గొంతుల్లో అదొకటి. మన చరిత్ర పుస్తకాల్లో ఆ మాటకు దక్కింది ఒక్క వాక్యమే, అదీ దొరికితే.

1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకుని చవదార్ చెరువు దగ్గరికి నడిచాడు. దిగాడు. నీళ్ళు తాగాడు. మహాడ్‌ను మనం హక్కుల పోరాటంగా చెప్పుకుంటాం, అది నిజమే. నాకు దాంట్లో ఇంకోటి కూడా కనిపిస్తుంది. ప్రభుత్వం ఆదేశించింది, మునిసిపాలిటీ పాటించామని కాగితం రాసింది, అది అబద్ధమో నిజమో తేల్చడానికి ఎవరి కోసం ఆ ఆదేశం పుట్టిందో వాళ్ళే చెరువు దగ్గరికి వెళ్ళి చూశారు. ఏ ఇన్‌స్పెక్టరూ రాయలేని రిపోర్టును వాళ్ళు నీళ్ళు తాగి రాశారు. ఊరివాళ్ళు కర్రలు పట్టుకుని జనం మీద పడ్డారు, తర్వాత పేడ, గోమూత్రం కుండలతో చెరువును ‘శుద్ధి’ చేశారు. ఆ రిపోర్టుకు వచ్చిన జవాబు అది. అదే ఏడు మునిసిపాలిటీ పాత తీర్మానాన్నే రద్దు చేసుకుంది.

స్వాతంత్ర్యం తర్వాత గ్రాంట్ల ప్రవాహం పెరిగింది. షెడ్యూల్డు కులాల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు కేంద్రం సాయం చేసే పథకం 1953–54 నుంచి ఉంది. హాస్టళ్ళు, రెసిడెన్షియల్ బడులు, శిక్షణ కేంద్రాలు దాని కింద నడిచాయి. ఇప్పుడది శ్రేష్ఠ అనే పథకంలో రెండో విభాగంగా కలిసిపోయింది, దరఖాస్తులు ఆన్‌లైన్లో పోతాయి. రూపం మారింది గానీ పర్యవేక్షణ వెన్నెముక మారలేదు. ఆ వెన్నెముక పేరు యుటిలైజేషన్ సర్టిఫికెట్. తెలుగులో వినియోగ ధ్రువీకరణ పత్రం అంటారు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017 ప్రకారం 12-ఎ ఫారంలో, ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లోపు ఇవ్వాలి. ఇంత డబ్బు వచ్చింది, దేనికి మంజూరైందో దానికే ఖర్చయింది, ఇంత మిగిలింది. సంతకం, స్టాంపు.

నేను తెలుగు పంతుల్ని. ఏ కాగితం చూసినా ముందు వాక్యం ఎలా కట్టారో చూస్తాను. ఆ పత్రంలో క్రియలన్నీ కర్మణి ప్రయోగంలో ఉంటాయి. ఖర్చు చేయబడినది, వినియోగింపబడినది. కర్త మాయం. మన వ్యాకరణంలో చతుర్థీ విభక్తి అని ఒకటుంది, కొరకు, కై. ఈ పత్రంలో ‘దేని కొరకు’ ఉంటుంది, ‘ఎవరి కొరకు’ అన్న మనిషి ఉండడు. లబ్ధిదారుల సంఖ్య ఉంటుంది. వాళ్ళ సంతకం ఉండదు, వాళ్ళ మాట ఉండదు. (‘లబ్ధిదారు’ అన్న మాట మీద ఒక భాగం మొత్తం రాయాలి. హక్కుదారుకూ లబ్ధిదారుకూ మధ్య ఎంత దూరమో!)

పీహెచ్‌డీ రోజుల్లో కొన్నాళ్ళు ఒక సంస్థ నడిపే బ్రిడ్జి స్కూల్లో సాయంత్రాలు పాఠం చెప్పేవాణ్ణి. పనిలోంచి మాన్పించి తెచ్చిన పిల్లలు, దాదాపు అందరూ మాల, మాదిగ, ఎరుకల ఇళ్ళ పిల్లలు. తనిఖీ ఎప్పుడో వారం ముందే తెలిసేది. ఆ వారం కొత్త దుప్పట్లు దిగేవి, చారులో పప్పు కనిపించేది, హాజరు పట్టీలో ఖాళీలు నిండేవి. వచ్చిన అధికారి చెడ్డవాడేమీ కాదు. రిజిస్టర్లు చూశాడు, వోచర్లు లెక్కపెట్టాడు, ఒక పిల్లను లేపి పద్యం చెప్పమన్నాడు. దుప్పట్లు రేపు కూడా ఉంటాయా అని అడగలేదు. అడిగి ఉంటే ఆ పిల్ల చెప్పేది, భయం లేని పిల్ల. ఆయన జీపు మలుపు తిరగగానే దుప్పట్లు మడతపడ్డాయి.

ఇలాంటి చోట్ల గుడ్డిగా ఉన్న సర్కారు కన్ను, ఇంకో చోట మాత్రం బాగా తెరుచుకుని ఉంటుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, పుట్టింది 1976లో, ఎమర్జెన్సీ నడుమ. పుట్టిన గడియే చెబుతుంది దాని చూపు ఎటో. దాన్ని చూసేది సంక్షేమ శాఖ కాదు, హోం శాఖ. ఇందిరాగాంధీ తిరిగి అధికారంలోకి వచ్చాక, 1982లో కుదాల్ కమిషన్ వేసి, జయప్రకాశ్ ఉద్యమంతో నడిచిన గాంధీ పీస్ ఫౌండేషన్ లాంటి సంస్థల లెక్కలు తవ్వించారు. పిల్లలకు అన్నం సరిగ్గా పెడుతున్నారా అని కాదు ఆ తవ్వకం. పార్టీలు మారాయి, పద్ధతి మారలేదు. 2010లో మన్మోహన్ ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చి ఐదేళ్ళకోసారి రెన్యువల్ తప్పనిసరి చేసింది. 2020లో మోదీ ప్రభుత్వం సవరించి, విదేశీ డబ్బంతా ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు బ్రాంచిలో పడాలంది. పరిపాలన ఖర్చు యాభై శాతం నుంచి ఇరవై శాతానికి కోసింది. ఒక సంస్థ ఇంకో సంస్థకు డబ్బు ఇవ్వడాన్ని పూర్తిగా నిషేధించింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలను దాదాపుగా సమర్థించింది.

ఈ చివరి నిషేధం మన పాలిట ఎలాంటిదో కొంచెం చెప్పాలి. మండల కేంద్రంలో నలుగురు దళిత ఆడవాళ్ళు నడిపే చిన్న సంఘానికి ఇంగ్లీషులో ప్రపోజల్ రాయడం రాదు, ఢిల్లీలో ఖాతా తెరవడం తెలియదు. పెద్ద సంస్థ డబ్బు తెచ్చి ఇలాంటి వాళ్ళకు పంచేది. పెద్ద సంస్థల పెత్తనం మీద మనకు ఫిర్యాదులు లేక కాదు. కానీ ఆ దారి మూసేస్తే మిగిలేది పెద్దవాళ్ళే. జీతం కూడా పరిపాలన ఖర్చు కిందికే వస్తే, ఊరూరా తిరిగి కేసులు రాసుకునే కార్యకర్తను ఎవరు పెట్టుకుంటారు?

గుజరాత్‌లో మార్టిన్ మాక్వాన్ మొదలుపెట్టిన నవసర్జన్ ట్రస్టు సంగతి తెలిసిందే. 1,589 ఊళ్ళు తిరిగి ఎక్కడెక్కడ ఏ రూపంలో అంటరానితనం ఉందో లెక్కగట్టి 2010లో ప్రచురించారు. చేతులతో మలం ఎత్తించడం మీద ఏళ్ళ తరబడి కొట్లాడారు. 2016 డిసెంబర్‌లో వాళ్ళ ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ రద్దయింది. కులాల మధ్య, వర్గాల మధ్య సామరస్యానికి భంగం కలిగిస్తున్నారన్నది చెప్పిన కారణం. ఊనాలో చర్మం ఒలిచే మనవాళ్ళను కట్టేసి కొట్టిన ఏడాదే అది. కొట్టిన దెబ్బ కంటే లెక్కబెట్టిన పెన్ను సామరస్యానికి ఎక్కువ ప్రమాదం అన్నమాట.

ఇప్పుడు ఇంకో వైపు చూద్దాం. 2017లో బీహార్ సంక్షేమ శాఖ తన డబ్బుతో నడిచే ఆశ్రయ గృహాల మీద సోషల్ ఆడిట్ చేయమని టాటా సామాజిక శాస్త్రాల సంస్థను అడిగింది. వాళ్ళ ‘కోశిశ్’ బృందం నూట పది సంస్థలు తిరిగింది. రిజిస్టర్ల దగ్గర ఆగలేదు. లోపల ఉన్నవాళ్ళతో కూర్చుని మాట్లాడింది. 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదికలో ముజఫర్‌పూర్ బాలికా గృహంలో పిల్లల మీద అత్యాచారాలు జరుగుతున్నాయని రాసింది. అది ఒక ఎన్జీవో నడిపే గృహం, ఏళ్ళ తరబడి ప్రభుత్వ గ్రాంటు అందుకున్నది. ముప్పై మందికి పైగా ఆడపిల్లల మీద అఘాయిత్యం జరిగిందని వైద్య పరీక్షల్లో తేలింది. 2020 జనవరిలో ఢిల్లీ కోర్టు పంతొమ్మిది మందిని దోషులుగా తేల్చింది. అందులో జిల్లా బాలల పరిరక్షణ అధికారి ఉన్నాడు. బాలల సంక్షేమ కమిటీ వాళ్ళున్నారు. అంటే ఆ పిల్లల్ని చూసుకోవడానికి, ఆ ఇంటి మీద కన్నేసి ఉంచడానికి ప్రభుత్వం నియమించినవాళ్ళే.

డబ్బు ఆగలేదు, కాగితాలు ఆగలేదు. నిజం బయటపడింది పిల్లల నోట, వాళ్ళను అడిగిన రోజున.

ఇది మన దగ్గర ఎవరికీ కొత్త కాకూడదు. అడగడం అనే పద్ధతిని ఈ దేశంలో ప్రభుత్వ యంత్రాంగంగా మార్చిన రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశే. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి జన్ సున్వాయీలు పెట్టింది. మస్టర్ రోల్ ఊరి మధ్యలో చదువుతారు, చచ్చిపోయినవాడి పేరు మీద కూలి ఎవరు తీసుకున్నారో జనమే చెబుతారు. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభకు సోషల్ ఆడిట్ హక్కు ఇచ్చింది. 2006లో మన దగ్గర మొదలై, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీయే ఏర్పడింది. కూలి ఇళ్ళ నుంచి వచ్చిన యువతీయువకులు, వాళ్ళలో మన పిల్లలు ఎందరో, రికార్డులు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. పక్క ఊరి నుంచి వచ్చిన మాదిగ అమ్మాయి, మండల కేంద్రంలో టెంటు కింద మైకు పట్టుకుని, ఫీల్డ్ అసిస్టెంటు పేరు పెట్టి లెక్క అడగడం. ఆ దృశ్యం చూసినవాళ్ళకు నేను వేరే వివరించక్కర్లేదు. తేల్చిన డబ్బంతా వసూలు కాలేదు, బెదిరింపులు వచ్చాయి, చాలా చోట్ల తంతుగా మారింది. అయినా అది మహాడ్ చెరువుకు వెళ్ళే దారిలోదే.

ఉపాధి పనుల మీద ఉన్న ఆ హక్కు, వాడ పేరుతో గ్రాంటు తీసుకునే హాస్టల్ మీద ఎందుకు అంత బలంగా లేదు? కేంద్ర సామాజిక న్యాయ శాఖ తన పథకాల మీద సోషల్ ఆడిట్ కోసం 2021–22లో ఐ-మెసా అనే పథకం తెచ్చింది. దిశ సరైనదే. కానీ ఉపాధి హామీలో లాగా చట్టం ఇచ్చిన హక్కు కాదది. పథకం ఇచ్చిన వెసులుబాటు, వెనక్కి తీసుకోవడం తేలిక.

తమ్ముడి ప్రశ్నకు నా జవాబు ఈపాటికి తెలిసే ఉంటుంది. హోం శాఖ చూపును ఎదిరించాలి. గ్రామసభ చూపును డిమాండ్ చేయాలి. మన సంస్థల మీద కూడా, మనకు ఇష్టమైన నాయకులు నడిపే వాటి మీద కూడా.

ఇక పని సంగతి. ప్రభుత్వ డబ్బుతో చెప్పుకోదగ్గ మేర నడిచే ఎన్జీవోలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని 2019 సెప్టెంబర్‌లో డీఏవీ కాలేజ్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సగానికి మించి సర్కారు డబ్బే ఉండాలనేం లేదని, ఊళ్ళో విలువైన భూమి ఉచితంగా ఇవ్వడం కూడా లెక్కలోకి రావచ్చని చెప్పింది. సంస్థ ఇవ్వనంటే గ్రాంటు ఇచ్చిన శాఖను అడగవచ్చు. మీ జిల్లాలో షెడ్యూల్డు కులాల పేరున గ్రాంటు తీసుకుంటున్న సంస్థల జాబితా అడగండి. గత మూడేళ్ళ వినియోగ పత్రాలు, ఆడిట్ అయిన లెక్కలు అడగండి. తనిఖీ నివేదికలు అడగండి, ఆ తనిఖీకి వస్తున్నామని సంస్థకు ముందుగా పంపిన లేఖల కాపీలతో సహా. ఆ లేఖల తేదీలు మర్చిపోకండి. కాపీలకు డబ్బు కడుతూ కూర్చోనక్కర్లేదు, ఆఫీసుకు వెళ్ళి ఫైలు చూసే హక్కు కూడా చట్టంలోనే ఉంది. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. కాగితం చేతికొచ్చాక, దాన్ని పట్టుకుని ఆ హాస్టల్‌కు వెళ్ళి పిల్లలతో కూర్చోండి.

వచ్చే భాగంలో ‘లబ్ధిదారు’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చి మన నెత్తిన కూర్చుందో చూద్దాం.

జై భీమ్.